అప్పగింతలు

పెళ్లిలో అన్ని తంతులూ నవ్వుతూ జరిపించిన ఆడవాళ్లు కూడా అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి కొంగు కళ్లకద్దుకుంటారు. పాలలో చేతులు ముంచి, పిల్ల చెయ్యి అవతలివాళ్ల చేతిలో పెట్టి, "జాగ్రత్తగా చూసుకోండి" అనడంలో ఏదో ఉంది. ఇన్నాళ్లూ మన కళ్లెదుట ఉన్నది రేపటినుంచి మన కళ్లెదుట ఉండదు. చూసుకోవలసింది వాళ్లు. మనం చెయ్యగలిగింది నమ్మడం ఒక్కటే.

మా అమ్మాయి పెళ్లి అయి ఆరేళ్లయింది. ఆ అప్పగింతల ముచ్చట ఎప్పుడో తీరిపోయింది. అలాంటిది మొన్న వేసవిలో మళ్లీ ఒక అప్పగింత నా నెత్తిన పడింది. ఈసారి పిల్లను కాదు, పిల్ల కారును. నవ్వకండి. ఆ పది రోజుల్లో నేను తెలుసుకున్నది పిల్ల పెళ్లిలో కూడా తెలుసుకోలేదు.

సంగతేమిటంటే, అమ్మాయికి బ్యాంకులో ఉద్యోగం. గువాహటికి బదిలీ అయింది. తను విమానంలో ముందు వెళ్లిపోయింది. కారు మాత్రం యాకుత్‌పురాలో మా ఇంటి ముందు, సందులో సగం ఆక్రమించి కూర్చుంది. నాలుగో రోజున ఫోను. "అమ్మా, కారు పంపించెయ్యవూ?" కంది పొడి పంపించమన్నంత తేలిగ్గా అడిగింది.

అమ్మేసి అక్కడే ఒకటి కొనుక్కోరాదా అన్నాను. ఒప్పుకోలేదు. తన జీతంతో తను కొనుక్కున్న మొదటి వస్తువు అది. డ్రైవర్ని పెట్టి తోలిద్దామంటే, విజయవాడ, విశాఖపట్నం, భువనేశ్వర్, కలకత్తా, సిలిగురి మీదుగా రెండు వేల కిలోమీటర్లకు పైనే. అన్ని రోజులు బండినీ మనిషినీ రోడ్డుమీద వదిలిపెట్టడానికి మాకు ధైర్యం చాలలేదు. ఇక మిగిలింది కార్లను లారీలో ఎక్కించి చేరవేసే కంపెనీలే.

"అంత దూరం కారును ఎవరైనా పంపిస్తారా?" అన్నారు మా ఆయన. ఎందుకు పంపించరు? మా ఇంటికి కూతవేటు దూరంలో చౌమహల్లా ప్యాలెస్ ఉంది. అక్కడ అద్దాల వెనక పచ్చని పసుపురంగు రోల్స్ రాయిస్ కారొకటి ఉంటుంది. చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండు కంపెనీకి చెప్పి చేయించుకున్న కారు అది. లోపల సింహాసనం లాంటి ఆసనం కూడా ఉంది. ఆయన 1911లో పోయారు. కారు సముద్రాలు దాటి వచ్చేసరికి ఏలుబడి కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌ది అయింది. చేయించుకున్న మనిషి చూడనేలేదు, కానీ ఇచ్చిన మాట మాత్రం ఊరు వెతుక్కుంటూ వచ్చింది. నిజాముగారి కారుకు ఇంగ్లండు కంపెనీ ఉంది సరే, మా కారుకు ఎవరున్నారు? అదీ ప్రశ్న.

ఒకటి కాదు, ముగ్గుర్ని అడిగాం. ఒకాయన ముప్పై ఒక్క వేలన్నాడు, ఒకాయన ఇరవై ఆరన్నాడు, ఇంకొకాయన పద్ధెనిమిదికే సరేనన్నాడు. పద్ధెనిమిది వేలాయన గొంతు ఎంత బాగుందో! "మేడమ్, మీ కారు మా కారనుకోండి. పువ్వుల్లో పెట్టి తీసుకెళ్తాం. ఒక్క గీత పడదు. గ్యారంటీ. ఎనిమిదో రోజున మీ అమ్మాయిగారి గుమ్మంలో ఉంటుంది. డబ్బు మాత్రం ఈ రోజే పూర్తిగా పంపించండి" అన్నాడు. మా ఆయన అప్పుడే ఫోను తీసి పంపించబోయారు.

ముప్పై ఒక్క వేలాయన మాట వేరుగా ఉంది. "పెద్ద కారియర్ లారీలో ఏడెనిమిది బండ్లు పోతాయమ్మా. లారీ నిండితేనే కదులుతుంది. పన్నెండు, పదిహేను రోజులనుకోండి. వానలు పట్టుకుంటే ఇంకా ఆలస్యం. ఎక్కించేటప్పుడో దించేటప్పుడో గీత పడొచ్చు. పడదని నేను చెప్పను" అన్నాడు.

"ఇతనేమిటి, బేరం చేస్తున్నాడా, బెదిరిస్తున్నాడా?" అన్నారు మా ఆయన. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. మన సంగతే అంత. పెళ్లి సంబంధం చెప్పడానికి వచ్చి, "కుర్రాడు మంచివాడే గాని కాస్త కోపం ఎక్కువండీ" అన్న పెద్దమనిషిని రెండోసారి కాఫీకి పిలవం. "బంగారం లాంటి పిల్లాడు" అన్నవాణ్ణే పిలుస్తాం. తరవాత మోసపోయామని ఏడుస్తాం. నిజం చెప్పేవాడి దగ్గర లేచి వచ్చేసింది మనమేనన్న సంగతి మాత్రం గుర్తుండదు.

మా పక్కింటి ఆపా ఉన్నారు. ముప్పై ఏళ్ల ఇరుగు పొరుగు. రంజానుకు అటునుంచి షీర్ ఖుర్మా, ఉగాదికి ఇటునుంచి పచ్చడి. ఆ సాయంత్రం మెట్లమీద కూర్చుని నా గోడంతా వెళ్లబోసుకున్నాను. ఆవిడ అంతా విని ఒక్క మాటడిగారు. "ధర అడిగినారు, రోజులు అడిగినారు. నుక్సాన్ అయితే ఏం చేస్తావని అడిగినారా?"

అడగలేదు. అశుభం పలకడం ఎందుకని ఊరుకున్నాం. ఆపా నవ్వి, "అది అమానత్ కదా! వాపస్ ఇచ్చే మాట ముందే ఖరారు కావాలె" అన్నారు. అమానత్ అంటే నమ్మి చేతిలో పెట్టిన సొత్తు. మన తెలుగులోనూ అమానతు అన్న మాట ఉంది. వాళ్ల ప్రవక్తకు చిన్నతనం నుంచీ అల్ అమీన్ అని పేరట. నమ్మదగినవాడు అని. ఊళ్లోవాళ్లు విలువైనవన్నీ తెచ్చి ఆయన దగ్గర దాచుకునేవారట. "పైసలు ఇచ్చేటప్పుడు అందరూ మంచోళ్లే. అమానత్ తిరిగి ఇచ్చేటప్పుడు తెలుస్తది మనిషి" అన్నారు ఆపా.

మర్నాడు ముగ్గురికీ మళ్లీ ఫోను చేశాను. నష్టం జరిగితే ఏం చేస్తారు? పద్ధెనిమిది వేలాయన, "అయ్యో, జరగదు మేడమ్, అలాంటి మాటే వద్దు" అన్నాడు. ఇరవై ఆరు వేలాయన, "మా పైవాళ్లను అడిగి చెప్తా" అని పెట్టేశాడు. ముప్పై ఒక్క వేలాయన మాత్రం, బిల్టీలో కారు విలువ ఎంత రాయించాలో, దారిలో జరిగే నష్టానికి బీమా ఎలా చేయిస్తారో, దించుకునేటప్పుడు సంతకం పెట్టకముందే ఏమేం చూసుకోవాలో, పావుగంట సేపు విసుగు లేకుండా చెప్పాడు.

ఆదివారం మా మరిది భోజనానికి వచ్చాడు. అతను వకీలు. అన్నంలో పప్పు కలుపుకుంటూ మొదలుపెట్టాడు. "వదినా, 1703లో ఇంగ్లండులో ఒక కేసు జరిగింది. ఒకాయన బ్రాందీ పీపాలు ఒక నేలమాళిగ నుంచి ఇంకో నేలమాళిగకు చేరుస్తానని ఒప్పుకున్నాడు. కూలి లేదు, ఊరికే సాయం. దించేటప్పుడు పీపా పగిలి బ్రాందీ నేలపాలైంది. నేను డబ్బు తీసుకోలేదు కదా అన్నాడు. హోల్ట్ అని పెద్ద జడ్జి, అది కుదరదన్నాడు. నమ్మి నీ చేతిలో పెట్టారు, నువ్వు పుచ్చుకున్నావు, అజాగ్రత్త చేశావు. బాధ్యతకు అది చాలు అన్నాడు."

ఊరికే సాయం చేసినవాడికే అంత బాధ్యత అయితే, కూలి పుచ్చుకుని అదే వృత్తిగా పెట్టుకున్నవాడికి ఇంకా ఎక్కువ కదా! సామాను మోసేవాడే దొంగలతో కుమ్మక్కైతే పంపినవాడికి తెలిసే దారి లేదు గనక, వాళ్లమీద పట్టు గట్టిగా ఉండాలని ఆ జడ్జే అన్నాడట. మన దేశంలో దీనికి 1865లోనే చట్టం వచ్చింది. దాని బదులు 2007లో ఇంకోటి చేశారు, అది 2011 నుంచి అమలవుతోంది. సరుకు మోసే కంపెనీ రిజిస్టరు చేయించుకోవాలి. రసీదు ఇవ్వాలి. నష్టం జరిగిందని కోర్టుకు వెళ్తే, కంపెనీ అజాగ్రత్తను మనం నిరూపించనక్కరలేదు. కానీ సరుకు బుక్ చేసిన 180 రోజుల లోపల రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. విలువ విడిగా రాయించకపోతే వాళ్లు ఇచ్చేదానికి ఒక హద్దు ఉంటుంది. ఇవన్నీ మరిది చెప్పినవే. ఇంకొకటి కూడా చెప్పాడు. ఫోనులో చెప్పిన పేరూ, రసీదుమీద ఉన్న పేరూ, డబ్బు వెళ్లే ఖాతా పేరూ ఒకటేనా అని చూసుకోమన్నాడు. మాటాడేవాడొకడు, మోసేవాడొకడు అయితే రేపు ఎవర్ని పట్టుకుంటాం? బండి ఏడాది దాటి అసోంలో ఉండేటట్టయితే అక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలనీ, అందుకు ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ కావాలనీ కూడా గుర్తుచేశాడు.

"ఇవన్నీ ఎందుకు గాని వదినా, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఒక్క మాటుంది. 151వ సెక్షను. ఇంకొకరి సొత్తు చేతికి తీసుకున్నవాడు, మామూలు వివేకం గల మనిషి తన సొంత సొత్తును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూసుకోవాలి. దాని ముందు 150 అని ఇంకోటుంది..." అని ఏదో చెప్తున్నాడు. అప్పటికి నూనె కాగింది. అప్పడాలు వేయించడానికి లేచి వెళ్లాను. ఆ 150 సగమే చెవిన పడింది.

ముప్పై ఒక్క వేలాయన్నే ఖాయం చేసుకున్నాం.

మా అమ్మ రోజుల్లో ఇవేవీ లేవు. మా సందు చివర రైలు పట్టాలు. మీటరు గేజి బండి కర్నూలు వైపు వెళ్లేది. అటు వెళ్లేవాళ్లెవరైనా ఉన్నారంటే చాలు, అమ్మ ఒక మూట సిద్ధం చేసేది. వడియాలు, ఊరగాయ, పసివాడికి ఉంగరం కూడా! ఆ మనిషి మూటను ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లేవాడు. బిల్టీ లేదు, బీమా లేదు. ఆ రోజులు పోయాయని అందరం నిట్టూరుస్తాం. కానీ ఆలోచించి చూడండి. అమ్మ మూట ఇచ్చేముందు విప్పి చూపించేది. "ఇదిగో నాయనా, ఇందులో ఊరగాయ ఉంది, నిలబెట్టి పట్టుకో. ఉంగరం ఈ ముడిలో ఉంది, చూసుకో" అనేది. నమ్మకమంతా ఆ చూపించడంలో ఉందని నాకు తరవాత గాని తట్టలేదు. ఎలా తట్టిందో అదే ఇప్పుడు చెప్పబోతున్నాను.

కారు తీసుకెళ్లే రోజు వచ్చింది. మా సందులోకి పెద్ద లారీ ఎలాగూ రాదు. కంపెనీ మనిషి, డ్రైవరు ఇద్దరూ వచ్చారు. బండిని నగరం బయట వాళ్ల యార్డుకు తోలుకెళ్లి, మర్నాడు సాయంత్రం లారీ ఎక్కిస్తారు. ఆ వచ్చినాయనకు అరవై దాటి ఉంటాయి. తెల్ల గడ్డం, చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం. దానిమీద కారు బొమ్మ గీసి ఉంది. కారు చుట్టూ మెల్లగా తిరిగాడు. వంగి చూశాడు, వేలితో తడిమాడు. "ఇది పాత సొట్టనా అమ్మా? ఈ గీత ఎప్పటిది?" అంటూ ఒక్కొక్కటీ బొమ్మమీద గుర్తు పెట్టాడు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసుకున్నాడు. అన్ని పక్కలా ఫొటోలు తీశాడు. డిక్కీ తెరిచి స్టెప్నీ, జాకీ చూశాడు.

నాకు ఒళ్లు మండింది. పెళ్లిచూపుల్లో పిల్ల నడక చూడాలి, జడ చూడాలి అన్నట్టుంది. "మా కారుమీద అనుమానమా?" అందామనుకున్నాను. ఆయన వసారాలో కూర్చుని కాగితం పూర్తి చేస్తుంటే మంచినీళ్లు ఇవ్వడానికి లోపలికి వెళ్లాను.

అక్కడ నేను చేసిన పని ఇది. వంటింట్లో కొత్త ఆవకాయ జాడీ ఉంది. వాసెన గట్టిగా కట్టి, పాత నేత చీరలో చుట్టి ముందే సిద్ధంగా పెట్టుకున్నాను. కారులో సామాను పెట్టకూడదని కంపెనీవాళ్లు ముందే చెప్పారు. సామానుకు బీమా వర్తించదు, దారిలో తనిఖీ జరిగితే జవాబు చెప్పుకోవలసింది లారీ డ్రైవరు. అన్నీ తెలుసు. అయినా అస్సాంలో పిల్ల ఏం తింటుందోనని ప్రాణం పీకింది. గోడ వారగా వెళ్లి డిక్కీలో ఆ మూట పెట్టి మెల్లగా మూసేశాను. చేసిన ఫొటోలు అయిపోయాయి కదా!

ఆయన సంతకానికి కాగితం ఇస్తూ, "లోపల సామాను ఏమీ లేదు కదా అమ్మా?" అని అడిగాడు.

"ఏమీ లేదు భాయ్ సాబ్" అన్నాను. ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట! పద్ధెనిమిది వేలాయన గొంతు కూడా అంత సాఫీగా లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "ఆవకాయకు ఎవరూ ఉరి వెయ్యరులే, పడుకో" అన్నారు మా ఆయన. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్నారు కదా పెద్దలు. దొరక్కపోతే బాధేముంది? కానీ నా బాధ దొరుకుతానని కాదు. ఒక ఊహ వచ్చి గుండెల్లో కూర్చుంది. జాడీ పగిలి, నూనె కారి, లోపలంతా ఎర్రగా మరకలైతే ఏం జరుగుతుంది? గువాహటిలో అమ్మాయి ఫొటో తీసి పంపిస్తుంది. అప్పుడు నేనేమంటాను? "నేనే పెట్టాను" అంటానా? అనను. నన్ను నేనెరుగుదును. "ఎవరో ఏదో పెట్టారు, కంపెనీవాళ్లే బాధ్యులు, నోటీసు ఇప్పించు" అని మరిదికి ఫోను చేస్తాను. 180 రోజుల సంగతి నాకు బాగా గుర్తుంది మరి! కారు బొమ్మమీద గీతలు గుర్తుపెట్టిన ఆ ముసలాయన జీతంలోంచి ఎవరైనా కోస్తారేమో, లారీ డ్రైవరు పోలీసు చౌకీ దగ్గర గంటలకొద్దీ నిలబడతాడేమో. అవేవీ నాకు కనిపించవు. కనిపించనివాటిని లెక్కపెట్టం.

పది రోజులుగా నేను అందర్నీ ఒకటే అడిగాను, మిమ్మల్ని నమ్మొచ్చా అని. వాళ్లు ఎన్నడూ నన్ను అడగలేదు. ఆయన ఒక్కడే అడిగాడు, ఒకే ఒక ప్రశ్న. దానికి నేను అబద్ధం చెప్పాను.

తెల్లవారగానే మరిదికి ఫోను చేసి, ఆ 150వ సెక్షనులో ఏముందని అడిగాను. పొద్దున్నే ఈ గొడవేమిటని ఆశ్చర్యపోతూనే చెప్పాడు. సొత్తు ఇచ్చేవాడికి దానిలో ఉన్న లోపం తెలిసి, అది పుచ్చుకునేవాడికి అసాధారణమైన ముప్పు తెచ్చేదైతే, ముందే చెప్పి తీరాలి. చెప్పకపోతే దానివల్ల నేరుగా కలిగే నష్టానికి ఇచ్చినవాడే బాధ్యుడు. కోర్టులో నా జాడీ ఆ సెక్షను కిందికి వస్తుందో రాదో వకీళ్లు తేల్చుకోనీండి. నాకు తగిలింది వరస. పుచ్చుకున్నవాడి జాగ్రత్త 151. ఇచ్చేవాడి నిజం 150. చట్టం రాసినవాళ్లు ముందుది ముందే పెట్టారు. నేనే అప్పడాలకోసం లేచి వెళ్లిపోయాను.

ఆయనకు ఫోను చేసి చెప్పేశాను. కాసేపు అటునుంచి మాట లేదు. "బండి ఇంకా కిందనే ఉందమ్మా. మూడు లోపల వచ్చి తీసుకపోండి" అన్నాడు. అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు.

ఆటో చేసుకుని యార్డుకు వెళ్లాం. ఎండలో వరసగా బండ్లు. డిక్కీ తెరిస్తే గుప్పుమని ఆవకాయ వాసన. మూట ఒరిగిపోయి ఉంది. చీర తడిసి, డిక్కీ చాపమీద అరచేయంత నూనె మరక. ఆటోవాడితో సహా అందరూ నావైపే చూస్తున్నారు. ఆయన కాగితం తీసి, బొమ్మమీద డిక్కీ దగ్గర గుర్తు పెట్టి, నూనె మరక అని రాసి, తేదీ వేశాడు. "ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అన్నాడు.

పెట్టాను. నిన్న నాకు అవమానంగా తోచిన కాగితమే అది. మా కారుమీద అనుమానంతో రాస్తున్నాడనుకున్నాను. తీరా చూస్తే ఆ కాగితం ఆయన్ని నానుంచి కాపాడుతుంది, నన్ను ఆయన్నుంచి కాపాడుతుంది. ఇద్దరిలో ఎవరికి బుద్ధి వంకర పోయినా నిజం మాత్రం ఒకచోట రాసి ఉంటుంది. నమ్మకం ఉన్నచోట కాగితం ఎందుకంటారు చాలామంది. నేనూ అనేదాన్ని. ఇప్పుడు అనను. మా అమ్మ మూట విప్పి చూపించడమూ ఇదీ ఒకటే. రాత వచ్చింది, అంతే తేడా.

కారు పద్నాలుగో రోజున చేరింది. మధ్యలో సిలిగురి నుంచి కంపెనీవాళ్లే ఫోను చేసి, ఎడమ పక్క అద్దం తొడుగుమీద గీత పడిందని చెప్పారు. మేమింకా చూడనేలేదు, అడగనూ లేదు. బాగుచేయించిన ఖర్చు తరవాత ఇచ్చారు. గీత పడదని వాళ్లు ముందే అనలేదు గదా! అన్నమాట నిలబడింది.

ఈమధ్య ఎవరైనా నన్ను, "ఏ కంపెనీని నమ్మమంటావు?" అని అడుగుతుంటారు. రిజిస్ట్రేషను, బిల్టీ, విలువ, బీమా, పేర్లు, అన్నీ చూసుకోమని చెప్తాను. నష్టమైతే ఏం చేస్తావని అడగమంటాను. జరగదన్నవాణ్ణి వదిలెయ్యమంటాను. ఆఖరున ఇంకోటి చెప్తాను. అది విని కొందరు మొహం ముడుచుకుంటారు. నమ్మదగినవాణ్ణి వెతికేటప్పుడు, మనం నమ్మదగినవాళ్లమో కాదో కూడా ఒకసారి చూసుకోమంటాను. అప్పగింతల్లో అవతలి చెయ్యి ఒక్కటే ఉండదు. మన చెయ్యి కూడా అదే పాలలో మునుగుతుంది.

ఆవకాయ జాడీ ఇంకా మా ఇంట్లోనే ఉంది. అటువైపు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. లోపల ఏముందో వాసెన విప్పి చూపించి మరీ ఇస్తాను.